ఏ సమ్మర్ టైర్లు వేయించమంటారు?

ప్రశ్న: నాది టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇంజిను ముందు చక్రాలనే తిప్పుతుంది. కారుతోపాటు వచ్చిన 225/45 ఆర్17 టైర్లు అరిగి, మార్చక తప్పని దశకొచ్చాయి. రోజూ ఆఫీసుకి ఈ కారే. సెలవు రోజుల్లో తెల్లవారుజామునే లేచి కొండ దారుల్లో తిరిగొస్తాను. ఏడాదికి ఒకసారో రెండుసార్లో రేసు ట్రాక్ మీద కూడా నడపాలని ఉంది. మేముండే చోట మంచు కురవదు, వాన మాత్రం బాగానే పడుతుంది. 200 ట్రెడ్‌వేర్ టైర్లు వేయించు, కారు రోడ్డుకి అతుక్కుపోతుంది అని ఒక మిత్రుడు అంటున్నాడు. ఎలాగూ మారుస్తున్నావు కదా, 18 అంగుళాల రిమ్‌లు పెట్టించి 235 వెడల్పుకి వెళ్ళు అని ఇంకొకడు. నాలుగూ ఒకేసారి కొనడం భారమైతే ముందు రెండూ ఇప్పుడు, వెనక రెండూ ఆర్నెల్ల తర్వాత మార్చుకోవచ్చా? వేయించాక నేను చూసుకోవలసినవి ఏమిటి?

సమాధానం: మీ ఉత్తరంలో ‘వాన మాత్రం బాగానే పడుతుంది’ అన్న ముక్క దగ్గర నేను ఆగిపోయాను. మీరు దాన్ని మంచు సంగతి చెబుతూ పనిలో పనిగా రాశారు. నాకైతే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ ముక్కలోనే ఉందనిపించింది.

ముందే తేల్చి చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. సైజు మార్చకండి. 200 ట్రెడ్‌వేర్ టైర్లు మీ వాడకానికి సరిపోవు. మ్యాక్స్ పెర్ఫార్మెన్స్ సమ్మర్ అని పిలిచే తరగతిలో, తడి రోడ్డు మీద బాగా ఆగే టైరు ఎంచుకుని నాలుగూ ఒకేసారి వేయించండి. నాలుగింటికి డబ్బు చాలకపోతే ఒక మెట్టు దిగి అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ తరగతిలో నాలుగు తీసుకోండి. గొప్పవి రెండు, అరిగినవి రెండు కలిపి నడపడం కంటే అది ఎంతో నయం.

సమ్మర్ టైరు అన్న పేరు చూసి ఎండాకాలానికి మాత్రమే పనికొచ్చేదేమో అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పేరు రబ్బరుని బట్టి వచ్చింది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ పైన మెత్తగా, సాగుతూ పనిచేసేలా ఆ రబ్బరు తయారు చేస్తారు. అంతకంటే చలి పెరిగేకొద్దీ అది బిగుసుకుపోతుంది. నీరు గడ్డకట్టే చలిలో ఈ టైర్లను నడిపితే ట్రెడ్ (టైరులో రోడ్డుకి తగిలే, గాళ్ళు చెక్కిన పై పొర) పగుళ్ళివ్వవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. మీకు ఆ బాధ లేదు కాబట్టి ఆల్ సీజన్ టైర్ల జోలికి వెళ్ళనక్కర్లేదు. చలికి బిగుసుకోని రబ్బరు, మంచుని పట్టుకోవడానికి ట్రెడ్ నిండా సన్నటి గాట్లు, ఈ రెండూ వేడి రోడ్డు మీద ట్రెడ్ దిమ్మెలు అటూ ఇటూ కదిలేలా చేస్తాయి. మీకు అక్కర్లేని పని కోసం మీకు కావలసిన పట్టు వదులుకున్నట్టవుతుంది.

రబ్బరు రోడ్డుని ఎలా పట్టుకుంటుందో కాస్త చెప్పనివ్వండి, మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. తారు రోడ్డు మీద చేయి పెడితే గరుకు తగులుతుంది. టైరు రబ్బరు ఆ గరుకులోకి దిగుతుంది. దాన్ని దాటేటప్పుడు వెంటనే పాత ఆకారానికి రాదు, కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో శక్తి వేడిగా మారిపోతుంది. మనకి గ్రిప్‌గా అందేది చాలావరకు అదే. పొడి రోడ్డు మీద దీనికి తోడు రబ్బరు నేరుగా రాయికి అంటుకునే గుణం కూడా ఉంటుంది. రోడ్డు తడిస్తే ఆ అంటుకునే గుణం చాలామటుకు పోయి, గరుకులో దిగే గుణమే మిగులుతుంది. అందుకే పొడిలో అద్భుతంగా పట్టుకున్న రబ్బరు తడిలోనూ అంత పట్టుకుంటుందన్న భరోసా లేదు. 1990ల మొదట్లో మిషెలిన్ కంపెనీ ట్రెడ్ రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే మసి పొడికి బదులుగా సిలికా ఎక్కువ కలిపిన టైర్లు తెచ్చింది. మామూలుగా దొర్లేటప్పుడు శక్తి తక్కువ మింగుతూ, తడి మీద బ్రేకు పడ్డప్పుడు పట్టు ఎక్కువ ఇచ్చే రబ్బరు దానితో సాధ్యమైంది. ఇవాళ మనం మంచివి అనుకునే రోడ్డు సమ్మర్ టైర్లు ఆ దారిలో వచ్చినవే.

ఇక 200 సంగతి. ఆ అంకె ఎక్కడిదో తెలిస్తే దాని మీద మోజు సగం తగ్గుతుంది. అమెరికా ప్రభుత్వం పెట్టిన గ్రేడింగ్ పద్ధతిలో టైరు పక్కన మూడు వివరాలు ముద్రిస్తారు: ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్. ట్రెడ్‌వేర్ కోసం టెక్సస్‌లోని శాన్ ఆంజెలో దగ్గర మామూలు రోడ్ల మీద 7,200 మైళ్ళు, అంటే సుమారు 11,600 కిలోమీటర్లు, ఒక ప్రామాణిక టైరుతో పోల్చుతూ నడిపి అరుగుదల కొలుస్తారు. ప్రామాణిక టైరుకి 100 అనుకుంటే, దానికి రెట్టింపు కాలం మన్నుతుందని అంచనా వేసిన టైరుకి 200. ఆ కొలతను బట్టి అంకె వేసుకునేది తయారీదారే. తమ టైరు తేల్చిన దానికంటే తక్కువ అంకె వేసుకున్నా అడ్డు లేదు. కాబట్టి ఒక కంపెనీ 200కీ ఇంకో కంపెనీ 200కీ పొంతన ఉండాలని లేదు. అసలది అరుగుదల అంకె. గ్రిప్ అంకె అని ఎవరూ ఎక్కడా చెప్పలేదు.

మరి 200 అంటే గ్రిప్ అన్న మాట ఎలా పుట్టింది? ఔత్సాహికుల ఆటోక్రాస్ పోటీల్లో (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య ఒక్కో కారే గడియారంతో పోటీపడేవి), ట్రాక్ పోటీల్లో రేసు టైర్లు రాకుండా ఆపడానికి ‘ట్రెడ్‌వేర్ 200కి తగ్గకూడదు’ అని నిబంధన పెట్టారు. కంపెనీలు సరిగ్గా ఆ గీత మీద నిలబడేలా, పోటీలో గెలిచేలా టైర్లు చేయడం మొదలుపెట్టాయి. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యొకొహామా అడ్వాన్ నియోవా ఏడీ09 లాంటివి ఆ జాతి టైర్లు. రోడ్డు మీద నడపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ వాటి మనసంతా ట్రాక్ మీదే ఉంటుంది. ట్రెడ్‌లో రబ్బరు దిమ్మెలు పెద్దవి, నీరు పోయే గాళ్ళు తక్కువ. పొడి తారు మీద, వేడెక్కాక, వాటి పట్టు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మీ మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు.

అయితే మీరు నడిపేది ఎప్పుడో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున, రాత్రంతా చల్లబడ్డ కారుతో బయల్దేరుతున్నారు. ట్రాక్ మీద ఒకటి రెండు ల్యాపుల్లో వేడెక్కే రబ్బరు, కొండ దారిలో మొదటి మలుపు దగ్గర ఇంకా చల్లగానే ఉంటుంది. మంచు కురవకపోయినా కొండల్లో పొద్దున్నే రోడ్డు చెమ్మగా ఉంటుంది, చెట్ల నీడ పడే చోట మరీను. అక్కడ మీకు కావలసింది చల్లగా ఉన్నా, తడిగా ఉన్నా మొదటి బ్రేకుకే పట్టుకునే టైరు. ఇంకో సంగతి: ఈ టైర్లు వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కేకొద్దీ ట్రెడ్ ఇంకా మిగిలి ఉండగానే రబ్బరు గట్టిపడుతుంది. రోజూ రెండుసార్లు ఆఫీసుకి తిరిగే కారు మీద వేస్తే వాటి ఆయుష్షు మీకు ఇష్టమైన దారుల్లో కాక ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర కరిగిపోతుంది. చప్పుడు కూడా ఎక్కువే. అదొక్కటే అయితే భరించవచ్చు.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ళ కిందట నా కారుకి ఈ జాతి టైర్లే వేయించుకున్నాను. మొదటి కొన్ని నెలలు కారు నుంచి దిగబుద్ధి కాలేదు. ట్రెడ్ సుమారు 4 మి.మీ.కి వచ్చాక, ఒక సాయంత్రం వాన వెలిసిన తర్వాత పెద్ద రోడ్డు మీద వస్తున్నాను. వేగం 80 దాటలేదు. లారీల చక్రాలకి రోడ్డు నొక్కుకుపోయి పడిన గాడిలో నీరు నిలిచి ఉంది. ఎడమ చక్రాలు దానిలో దిగగానే స్టీరింగ్ బరువు చేతుల్లోంచి పోయింది. తిప్పితే తిరుగుతోంది, కారు మాత్రం దాని దారిన అది పోతోంది. అదృష్టం కొద్దీ పక్కన ఎవరూ లేరు, గాడి కూడా కొద్ది దూరమే ఉంది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ కారులో వెనక సీట్లో పిల్లలు కూర్చునే రోజులు గుర్తొచ్చి, మర్నాడే టైర్ల వేట మొదలుపెట్టాను. అప్పట్నుంచీ టైరు గురించి ఎవరడిగినా నేను మొదట అడిగేది వాన సంగతే.

నీటి మీద తేలిపోవడం ఎందుకు జరుగుతుందో చిన్న లెక్కతో చూద్దాం. 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. ట్రెడ్ వెడల్పు 20 సెం.మీ. అనుకోండి, రోడ్డు మీద నీరు 3 మి.మీ. లోతు ఉందనుకోండి. ఒక్కో ముందు టైరు సెకనుకి సుమారు 13 లీటర్ల నీటిని తన దారిలోంచి తప్పించాలి. ఆ నీరు పోవడానికి ఉన్నవి ట్రెడ్ గాళ్ళు మాత్రమే. అవి లోతుగా ఉన్నంతకాలం పోతుంది. అరిగాక దారి ఇరుకై, పోని నీరు టైరు కింద దూరి దాన్ని పైకి లేపుతుంది. కొత్త సమ్మర్ టైరుకి ట్రెడ్ లోతు 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. చాలా దేశాల్లో చట్టం 1.6 మి.మీ. దాకా నడపనిస్తుంది, గాళ్ళ మధ్య కనబడే చిన్న దిమ్మెలు ఆ హద్దుకి గుర్తు. వాన పడే చోట ఉండేవాళ్ళు 3 మి.మీ. దగ్గరే మార్చేయాలని నా అభిప్రాయం. మిగిలిన ఆ ఒకటిన్నర మిల్లీమీటరు రబ్బరు కోసం పంతం పట్టకండి.

ఈ లెక్కే మీ రెండో మిత్రుడి సలహాకి కూడా జవాబు. వెడల్పు టైరు వేస్తే రోడ్డుకి తగిలే రబ్బరు బాగా పెరుగుతుందని అందరూ అనుకుంటారు. మీ కారు మనుషులతో కలిపి 1,400 కిలోలనుకుందాం. ఒక్కో చక్రం మీద సగటున 350 కిలోలు. 32 పీఎస్ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.25 కిలోలు. భాగిస్తే 155 చదరపు సెంటీమీటర్లు, ఇంచుమించు వేళ్ళు దగ్గరగా చేర్చి పెట్టిన చేయంత. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ మోసే బరువూ గాలీ మారనప్పుడు ఆ చేయంత జాగా పెద్దగా మారదు. మారేది దాని ఆకారం. వెడల్పు పెరిగితే పొడవు తగ్గుతుంది. పొడి మలుపులో ఆ వెడల్పు ఆకారం మేలు చేస్తుంది, స్టీరింగ్ చురుగ్గా పలుకుతుంది. నిలిచిన నీటిలో మాత్రం ముందు పడే నీరు ఎక్కువ, దాన్ని నెట్టడానికి దొరికే సమయం తక్కువ.

సైజుల లెక్క కూడా చూడండి. 225/45 ఆర్17 అంటే టైరు వెడల్పు 225 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 101 మి.మీ., రిమ్ 17 అంగుళాలు. మొత్తం ఎత్తు 634 మి.మీ. 235/40 ఆర్18కి వెళితే గోడ 94 మి.మీ., మొత్తం ఎత్తు 645. స్పీడోమీటరు పాత చక్రాల లెక్కే చూపిస్తూ ఉంటే కారు దాదాపు 1.7 శాతం వేగంగా పోతూ ఉంటుంది, గేర్లు కూడా ఆ మేరకు బరువెక్కినట్టుంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల తగలకుండా చూసుకోవాలి. 18 అంగుళాలే కావాలంటే 225/40 ఆర్18 మీ పాత ఎత్తుకి దగ్గర, 637 మి.మీ. కానీ దాని గోడ 90 మి.మీ. మాత్రమే. గుంతలో పడ్డప్పుడు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్నది ఆ గోడే. అది కుదించుకుపోయి రిమ్ అంచుకీ గుంత అంచుకీ మధ్య నలిగితే లోపలి దారాలు తెగి టైరు పక్కన బుడగ లేస్తుంది. ఆ టైరుకి మరమ్మతు లేదు, పారేయడమే. పైగా పెద్ద రిమ్‌లు చాలావరకు బరువు ఎక్కువ, సస్పెన్షన్ ఆ బరువునంతా ప్రతి ఎగుడుదిగుడు దగ్గరా ఎత్తి దించాలి. మీ 17 అంగుళాల రిమ్ 7 నుంచి 8.5 అంగుళాల వెడల్పులో ఉంటే 225/45 దానికి చక్కగా కూర్చుంటుంది. రిమ్‌లకి పెట్టాలనుకున్న డబ్బు మంచి టైర్లకీ, అలైన్‌మెంటుకీ, ట్రాక్‌కి వెళ్ళే ముందు కొత్త బ్రేకు ఆయిలుకీ ఖర్చు పెట్టండి. కారులో తేడా మీకే తెలుస్తుంది.

టైరు మీద సైజు పక్కన 91 డబ్ల్యూ, 94 వై లాంటివి ఉంటాయి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, 94 అంటే 670 కిలోలు మోస్తుంది. డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల దాకా, వై అంటే 300 దాకా తట్టుకుంటుంది. పాత టైరు మీద ఉన్నదానికి తగ్గకుండా చూసుకుంటే చాలు.

ఇక ఏ టైరు? మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్, పిరెల్లీ పీ జీరో లాంటివి మీరు వెతకవలసిన వరసలో ఉన్నాయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 5, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6 వీటికంటే కాస్త సౌఖ్యం వైపు మొగ్గినవి, మీ వాడకానికి అవీ తక్కువేం కాదు. వీటిలో మీ సైజులో దొరికేవాటి జాబితా ముందు రాసుకోండి. పొటెంజా స్పోర్ట్ స్టీరింగ్‌కి చురుగ్గా స్పందించే రకం. పైలట్ స్పోర్ట్ 4ఎస్ దేనిలోనూ మరీ వెనకబడకుండా, చివరిదాకా ఒకేలా ఉండే రకం. నా డబ్బే అయితే మీ వాడకానికి మిషెలిన్‌నో కాంటినెంటల్‌నో తీసుకుంటాను.

ఎంచుకునేటప్పుడు ఒక పొరపాటు జరక్కుండా చూసుకోండి. చురుకుదనం వేరు, పట్టు వేరు. గోడలు బిగువుగా ఉన్న టైరు స్టీరింగ్ కాస్త కదిలించగానే తిరుగుతుంది. షోరూము నుంచి బయటికొచ్చిన మొదటి మలుపులోనే ‘ఆహా, ఏం గ్రిప్!’ అనిపిస్తుంది. నిజానికి అక్కడ మీరు చూసింది బిగువు మాత్రమే. పట్టు ఎంతుందో తెలిసేది అది అయిపోయే చోట. అక్కడే టైర్ల స్వభావం బయటపడుతుంది. కొన్ని ముందుగా చెబుతాయి: స్టీరింగ్ కాస్త తేలికవుతుంది, టైరు సన్నగా మూలుగుతుంది, ముక్కు నెమ్మదిగా బయటికి జరుగుతుంది, మీరు కాలు ఎత్తగానే మళ్ళీ దారికొస్తుంది. కొన్ని చివరిదాకా మౌనంగా పట్టుకుని, ఒక్కసారి వదిలేస్తాయి. ల్యాపు టైములో రెండోదే గెలవవచ్చు. ఎదురుగా ఏ బండి వస్తుందో తెలియని కొండ దారిలో నాకు మొదటిదే కావాలి. కొత్తగా ట్రాక్ మీదికి వెళ్ళేవాళ్ళకి కూడా చెప్పి జారే టైరే మంచి గురువు.

అందుకే పోలిక పరీక్షలు చదివేటప్పుడు మొత్తం మార్కుల దగ్గర ఆగకండి. తడి బ్రేకింగ్ దూరం, తడిలో మలుపులు, నిలిచిన నీటిలో ఏ వేగానికి తేలిపోయింది అన్నవి విడివిడిగా చూడండి. నడిపినవాళ్ళు హద్దు దగ్గర టైరు ఎలా ప్రవర్తించిందని రాశారో చదవండి. యూరప్ లేబుల్ కూడా ఉపయోగపడుతుంది. 2021 మే నుంచి అమల్లో ఉన్న కొత్త లేబుల్‌లో తడి పట్టుకి ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) దాకా గ్రేడ్లు ఉన్నాయి. అందులో ‘ఏ’ కంటే తక్కువది మీరు తీసుకోవద్దు. అయితే ఆ గ్రేడ్ కొత్త టైరు తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేస్తే ఎంతలో ఆగిందన్నది మాత్రమే చెబుతుంది. మలుపు గురించీ, నిలిచిన నీటి గురించీ ఏమీ చెప్పదు. అమెరికా ట్రాక్షన్ గ్రేడ్ కూడా తిన్నటి తడి బ్రేకుదే, పైగా ఈ తరగతిలో చాలా టైర్ల మీద ‘ఏఏ’నో ‘ఏ’నో ఉంటుంది కాబట్టి వాటిలో ఒకదాన్ని తేల్చుకోవడానికి అదొక్కటీ చాలదు.

ముందు రెండు మాత్రమే మార్చడం గురించి. దయచేసి ఆ పని చేయకండి. ముందు చక్రాలే నడుపుతాయి, తిప్పుతాయి, ఎక్కువ ఆపుతాయి కాబట్టి కొత్తవి ముందే ఉండాలని అనిపించడం సహజం. కానీ తడి రోడ్డు మీద ముందు టైర్లు నీటిని తట్టుకుని, వెనకవి తేలిపోతే కారు వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. ముక్కు జారితే కాలు ఎత్తితే చాలు, చాలావరకు సర్దుకుంటుంది. వెనక జారితే స్టీరింగ్ ఎదురు తిప్పాలి, అదీ సరైన క్షణంలో, సరైనంత. ఊహించని చోట ఆ పని చేయగలిగేవాళ్ళు చాలా తక్కువ. అందుకే రెండే మార్చాల్సి వస్తే, ముందు చక్రాలు నడిపే కారైనా సరే, కొత్తవి వెనకే వేయమని టైరు కంపెనీలు చెబుతాయి. మీ విషయంలో అరిగిపోయినవే ముందు మిగులుతాయి కాబట్టి అదీ పరిష్కారం కాదు. నాలుగూ ఒకేసారి మార్చి, 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి ఒకసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మారిస్తే నాలుగూ కలిసే అరుగుతాయి. ఇలాంటి ఇరకాటం మళ్ళీ రాదు.

ట్రాక్ గురించి మీరు బెంగపడక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లయితే రోడ్డు టైర్లతోనే వెళ్ళండి. నిండు ట్రెడ్ ఉన్న టైరు ఎక్కువ వేడెక్కితే భుజాల దగ్గర, అంటే ట్రెడ్ రెండు పక్కల అంచుల్లో, రబ్బరు చిరుగుతుంది కాబట్టి సరికొత్త టైర్లతో వెళ్ళకుండా, రోడ్డు మీద కొంత అరిగాక వెళితే మేలు. ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు నడిపి, చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పి చల్లార్చండి. వేడికి గాలి పెరుగుతుంది, దిగగానే కొలుచుకుని సర్దుకోండి. ఇంటికి బయల్దేరే ముందు టైర్లు చల్లారాక రోడ్డు లెక్కకి మళ్ళీ నింపడం మరిచిపోకండి. ట్రాక్ పిచ్చి పట్టి నెలకోసారి వెళ్ళే రోజొస్తే అప్పుడు ఇంకో జత రిమ్‌లు కొని, వాటికి మీ మిత్రుడు చెప్పిన 200 ట్రెడ్‌వేర్ టైర్లు వేయించండి. వాటి చోటు అదే.

కొనేటప్పుడు టైరు పక్కన ‘డాట్’ (DOT) అన్న ఇంగ్లీషు అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 2624 అని ఉంటే 2024లో 26వ వారం తయారైందని. నీడలో, చల్లటి చోట ఉంచిన టైరు ఏడాది పాతదైనా ఫరవాలేదు. మూడు నాలుగేళ్ళ పాతవి తక్కువకి ఇస్తామంటే మాత్రం ఈ తరగతిలో ఒప్పుకోకండి. మీరు కొంటున్నదే రబ్బరు మెత్తదనం.

వేయించే రోజు దగ్గరుండండి. రెండు పక్కలా వేర్వేరు నమూనా ఉన్న టైరుకి ‘అవుట్‌సైడ్’ అని రాసిన వైపు బయటికి రావాలి, బాణం గుర్తు ఉన్నదైతే దొర్లే దిశ సరిపోవాలి. తిరగేసి బిగించిన టైర్లతో నెలల తరబడి తిరిగేవాళ్ళని చూశాను, వాళ్ళ తప్పు ఏమీ లేకుండానే. నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించమనండి, సుమారు వంద కిలోమీటర్ల తర్వాత మరోసారి చూపించండి. కొత్త టైరు మీద అచ్చులోంచి తీయడానికి వాడిన జారుడు పదార్థం తాలూకు పూత ఉంటుంది. మొదటి మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, ముఖ్యంగా తడిలో.

గాలి విషయంలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న అంకే ప్రమాణం. టైరు గోడ మీద ఉన్నది టైరు తట్టుకునే గరిష్ఠం, మీ కారుకి కావలసింది కాదు. పొద్దున్నే, కారు కదలకముందు కొలవండి. బయట 10 డిగ్రీలు చల్లబడితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి కాలం మారినప్పుడల్లా చూసుకోవాలి. నాకు తెలిసి చాలామంది మంచి టైర్లు కొని, వాటిని తక్కువ గాలితో నడిపి, పట్టు లేదని నిందిస్తారు.

అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. చక్రాలు నిలువు గీత నుంచి ఎంత వాలాయన్న క్యాంబర్ కంటే, చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగాయన్న టో టైరుని త్వరగా తినేస్తుంది. అది తేడాగా ఉంటే టైరు దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతూ ఉంటుంది. మెషీను కాగితం మీద అంకెలు సరిగా ఉన్నా, ఒకటిన్నర వేల కిలోమీటర్లు తిరిగాక అరచేత్తో ట్రెడ్‌ని అడ్డంగా ఒక వైపుకీ, తిరిగి రెండో వైపుకీ నిమిరి చూడండి. రెండు వైపులా ఒకేలా తగిలితే బాగున్నట్టే. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్ళలా గుచ్చుకుంటే టో తప్పింది, వెంటనే సరిచేయించండి. వెనక టైర్ల లోపలి అంచుల్ని కూడా అలాగే నిమరండి. అవి నిలబడి చూస్తే కనబడవు, మోకాళ్ళ మీద వంగి చేయి లోపలికి పెట్టాల్సిందే.